పోయినవాళ్ళ కుర్చీ

మనసులో బరువు దించుకునే శిబిరంలో టీచరమ్మ హాలు మధ్య ఒక ఖాళీ కుర్చీ వేసి, "మీకు దూరమైనవాళ్ళు ఇందులో ఉన్నారనుకుని, కడుపులో ఉన్నదంతా చెప్పేయండి" అంది.

దర్జీ పని చేసే అమ్మాయి వంతు వచ్చింది. కుర్చీకేసి చూస్తూ, "నాన్నా, అమ్మ పోయేదాకా తలుపు వంకే చూసింది. ఎక్కడ చచ్చావు నువ్వు?" అని భోరుమంది.

వెనక వరసలోంచి ఒక ముసలాయన తడబడుతూ వచ్చి ఆ కుర్చీ పట్టుకున్నాడు.

"అయ్యో పెద్దాయనా, అది పోయినవాళ్ళ కుర్చీ!" అంది టీచరమ్మ.

"నేనే తల్లీ, దీని నాన్నని. ఏళ్ళ తరబడి నాతో పలకడం లేదు. ఇక్కడైనా పలుకుతుందేమోనని బతిమాలి తీసుకొచ్చాను" అంటూ అందులో కూర్చున్నాడు. "అడుగమ్మా, అన్నీ చెప్తాను."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. గోడవారనున్న ఇంకో ఖాళీ కుర్చీ ఈడ్చుకొచ్చి, దానివైపు తిరిగి, "నాన్నా" అని మళ్ళీ మొదలుపెట్టింది.