చంద్రుడు లేని దిండు

మూడో చంద్రుణ్ణి కూడా ఉమామహేశ్వరి గారు వెనక్కి తిప్పి పంపేశారు.

మొదటిసారి నిండు చంద్రుడు, రెండోసారి నెలవంక, ఇప్పుడు మబ్బుచాటు చంద్రుడు. ఆవిడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంటి బేస్‌మెంట్‌లోనే బూరుగుదూది దిండ్లు కుట్టి అమ్ముతారు. ఆ దిండ్లకి ఒక లోగో కావాలి, అంతే. ఆ అంతే దగ్గరే త్రివేణికి రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు.

"చంద్రుణ్ణి ఎవరైనా పెడతారమ్మా," అన్నారావిడ ఫోన్‌లో, కోపం ఏమీ లేకుండా. "నిద్రపోయేది చంద్రుడు కాదు కదా. ఇవాళ మూడింటికి నేనే స్టూడియోకి వస్తాను. అప్పటికీ కుదరకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటుంది? స్టూడియో అంటే ఇద్దరే. బొమ్మలు గీసేది త్రివేణి, క్లయింట్లని బుజ్జగించేది ఆమె భర్త శశికాంత్. ఈ పని కూడా చేజారితే తలుపుకి తాళం వేసి, ఇద్దరూ మళ్ళీ కార్ల కంపెనీకి వెళ్ళిపోవడమే. అక్కడ ఆరేళ్ళు త్రివేణి గీసిందల్లా డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్రబొమ్మలు. సీటు బెల్టు పెట్టుకోమనే ఆ గుండుతల మనిషిని ఇంకోసారి గీయాల్సి వస్తే బతకలేననిపించింది ఆమెకి.

శశికాంత్ కార్ తాళాలు వెతుక్కుంటూ ఆగాడు. "అసలు ఉమామహేశ్వరి ఆంటీ ఇచ్చిన ఆ దిండు మీద పడుకున్నావా నువ్వు?"

అడగరానిది ఏదో అడిగినట్టు చూసింది త్రివేణి. ఏ వస్తువుకి బొమ్మ గీయాలన్నా ముందు దాన్ని వాడి చూడాలనేది ఆ స్టూడియో నియమం. పెట్టింది తనే. టీపొడి క్లయింట్ కోసం వారం రోజులు అదే టీ తాగి కడుపులో మంట తెచ్చుకున్నారు. డాన్స్ స్కూల్ కోసం శశికాంత్ చేత గజ్జెలు కట్టించింది, పాపం. కానీ ఈ దిండు తెల్లగా మల్లెపువ్వులా ఉంది. మాసిపోతే ఆంటీకి ఏం సమాధానం చెప్పాలని ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా షెల్ఫ్ మీద పెట్టి, రెండు నెలలుగా దూరం నుంచి చూస్తూ చంద్రుళ్ళని గీస్తోంది.

మంచు బాగా పడుతోందనీ, ఆంటీని తనే డ్రైవ్ చేసి తీసుకొస్తాననీ చెప్పి, దారిలో ఉన్న వేరే పని కూడా చూసుకుందామని శశికాంత్ ముందే బయల్దేరాడు.

త్రివేణి అద్దంలో చూసుకుంది. నిద్రలేని కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. మనిషి బాగానే ఉందని ఆంటీ అనుకోవాలని కాటుక ఇంకాస్త దట్టంగా పెట్టుకుని పనిలో కూర్చుంది. గీసింది, చెరిపింది. మళ్ళీ గీస్తే మళ్ళీ చంద్రుడే వచ్చాడు. ఒంటిగంటయ్యేసరికి స్క్రీన్ చూసి చూసి కళ్ళు మండి నీళ్ళు కారడం మొదలైంది.

షెల్ఫ్ వైపు చూసింది. అయిదే అయిదు నిమిషాలు, అనుకుంది. కవర్ విప్పి, దిండు బల్ల మీద పెట్టుకుని, చెంప ఆనించింది.

దిండు మెల్లగా, తొందరేం లేదన్నట్టు, తలని లోపలికి తీసుకుంది. కిటికీ బయట పడుతున్నది మంచు కాదు, బూరుగుదూది. పార్కింగ్ లాట్ అంతా దూదే. కార్లన్నీ దూదిలో మునిగిపోయాయి, లోపల ఎర్రబొమ్మలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గుండుతల మనిషి బెల్టు విప్పేసి ఎటో వెళ్ళిపోయాడు. ఆ తెలుపు మీద ఒక కుంచె, పట్టుకున్న చెయ్యి కనబడకుండా, నింపాదిగా ఒక వంపు గీసింది. వంపు కింద చిన్నచిన్న గీతలు నాలుగు. అయిపోయింది. ఇంత తేలికా అని త్రివేణికి కలలోనే నవ్వొచ్చింది. లేచాక మరచిపోకూడదని కూడా అనుకుంది.

తలుపు చప్పుడైంది.

మూడూ పది. భుజాల మీద మంచు దులుపుకుంటూ ఉమామహేశ్వరి గారు, వెనకాల పాలిపోయిన ముఖంతో శశికాంత్. త్రివేణి గబుక్కున లేచి పెన్సిల్ అందుకుంది. కాగితం మీద పెట్టిన పెన్సిల్ పెట్టినచోటే ఆగిపోయింది. కలలో చూసిన బొమ్మ లేదు. వట్టి తెలుపు మాత్రమే మిగిలింది. ఆమెకి నిజంగా ఏడుపొచ్చింది.

"అబద్ధం చెప్పను ఆంటీ. ఏమీ గీయలేదు. మీ దిండు మీద నిద్రపోయాను."

శశికాంత్ కిటికీలోంచి పార్కింగ్ లాట్‌ని శ్రద్ధగా చూడసాగాడు.

ఉమామహేశ్వరి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎంతసేపు పడుకుందో అడిగారు. రెండు గంటలని చెప్పింది త్రివేణి. రెండు నెలల్లో ఏ రాత్రీ అంతసేపు పడుకోలేదని కూడా చెప్పేసింది.

"కల వచ్చిందా?"

"వచ్చింది. అందులో బొమ్మ కూడా వచ్చింది ఆంటీ. లేచేసరికి పోయింది."

ఆవిడ బల్ల మీద దిండు తీసుకుని, బ్యాగ్‌లోంచి కళ్ళజోడు వెతికి పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉండిపోయారు. మాసిపోయిందేమోనని త్రివేణి ఉతికించి ఇస్తానంది.

"ఉతికితే ఊరుకోను," అన్నారావిడ. "బొమ్మ ఎక్కడికీ పోలేదమ్మా."

దిండుని మెల్లగా త్రివేణి వైపు తిప్పారు. తెల్లటి గలీబు మీద, త్రివేణి కాటుకతో అచ్చుపడి, రెప్ప వాల్చిన కన్నొకటి హాయిగా నిద్రపోతోంది.