ఆకుపచ్చ మూత

లాంచీ ఏటి నడిమధ్యలో దగ్గి, తుమ్మి, ఆగిపోయింది.

పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచి ఇది మూడోసారి.

డ్రైవరు లంగరు వేశాడు. ముందుకు వెళ్దామంటే ఇంజను లేదు. దిగి పారిపోదామంటే నాలుగు వైపులా నీళ్లే. పైన కాలుతున్న రేకు కప్పు, కింద పెట్రోలు వాసన, మధ్యలో పద్నాలుగు మంది ప్రయాణికులు. అందరి కళ్లూ అతని వీపు మీదే ఉన్నాయి.

"ఇంకోసారి వేరే లాంచీకి తాడు కట్టించుకుని రేవుకొచ్చావంటే, తాళాలు నా బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపో" అని యజమాని నిన్ననే చెప్పేశాడు. ఈ వారంలో అలా రెండుసార్లు జరిగింది మరి.

ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ మామ. డ్రైవరుకి చేతనైన పని ఇదొక్కటే.

అతను ముందు ట్యాంకు మూత విప్పి, కర్ర ముంచి చూశాడు. పెట్రోలు సగానికి పైనే ఉంది. మూత గట్టిగా బిగించాడు. తర్వాత కార్బురేటరు విప్పి, సన్నటి రంధ్రాలన్నీ నోటితో ఊది, గుడ్డతో తుడిచి బిగించాడు.

ఇంజను అందుకుంది.

"అంతా కార్బురేటర్లో చెత్తండీ" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మూడుసార్లు ఊదావు కదయ్యా. అందులో ఇంకా చెత్త మిగిలిందో, నీలోనే ఊపిరి మిగిలిందో" అంది బట్టలు కుట్టే ఆవిడ.

అందరూ నవ్వారు. మూల బల్ల మీది ముసలాయన నవ్వలేదు. గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని, చెవి ఇంజను వైపు వంచి కూర్చున్నాడు. ఆయనెవరో అక్కడ ఎవరికీ తెలీదు.

"బాబూ, ఇందాక మూత తీసినప్పుడు ట్యాంకు ఉస్సుమంది. విన్నావా?"

"ఇంజను గోల వినడానికే నాకు చెవులు చాలట్లేదు పెద్దాయనా. మూతల గోల కూడా వినాలా?"

"నువ్వు ఊదినందుకు కాదు, మూత తీసినందుకు నడుస్తోంది. మూతకి గాలి పోయే బెజ్జం ఉంటుంది. అది పూడిపోతే ట్యాంకు పెట్రోలు వదలదు. పావుగంటలో మళ్లీ ఆగిపోతుంది, చూడు."

డ్రైవరు మూత వంక చూశాడు. నున్నగా, ఆకుపచ్చగా మెరుస్తోంది. పోయిన వారమే లాంచీకంతా తన చేత్తో రంగు వేశాడు. మూతకైతే మూడు పూతలు.

"దీనికి బెజ్జమే లేదు."

"ఉంది. రంగు కింద ఉంది."

"నువ్వే పెట్టినట్టు చెప్తున్నావే."

పావుగంట కాకముందే ఇంజను ఆగిపోయింది.

ముసలాయన కుట్టుపని ఆవిడ దగ్గర ఒక పిన్నీసు అడిగి తీసుకుని లేచాడు. దాన్ని పట్టుకున్న వేళ్లు గడగడ వణుకుతున్నాయి.

డ్రైవరు అడ్డం వచ్చాడు.

"పెట్రోలు ట్యాంకుని పొడుస్తావా? ఇంతమంది ప్రాణాలున్నాయిక్కడ. ముందు ఆ చేతులు వణక్కుండా చూసుకో."

"పోనీ నువ్వే గీకు బాబూ. ఒక్క గీకు."

"కూర్చో పెద్దాయనా. ఇదంతా నాకు ముందున్నవాడి పుణ్యం. పై రేవులో ఇన్నేళ్లూ ఈ లాంచీ నడిపి, ఇంజన్ని పీల్చి పిప్పి చేసి, పోయిన నెల నాకంటగట్టి పోయాడు. వాడి మొహమైనా నేను చూళ్లేదు. ఎదురుపడనీ, నాలుగు దులిపేస్తా."

ముసలాయన పిన్నీసుని తన చొక్కాకి గుచ్చుకున్నాడు.

"కోపం ఉంటుందిలే" అని వెళ్లి కూర్చున్నాడు.

డ్రైవరు ఈసారి కర్ర ముంచలేదు. ముసలాయన మాట విన్నట్టవుతుందని మూత జోలికే పోలేదు. నేరుగా కార్బురేటరే విప్పాడు. ఊదాడు. తుడిచాడు. బిగించాడు. మళ్లీ విప్పాడు.

ఇంజను పలకలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ నవ్వడం లేదు. దూరంగా రెండో లాంచీ కనిపించింది. డ్రైవరు కళ్లు మూసుకుని తాడు అందుకున్నాడు.

బయల్దేరిన రేవుకే లాక్కొచ్చి కట్టేశారు. దిగేటప్పుడు ముసలాయన ఏదో చెప్పబోతే డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. జనం అంతా పోయేదాకా అక్కడే తచ్చాడి, చివరికి ఆఫీసు గదిలోకి వెళ్లి తాళాలు బల్ల మీద పెట్టాడు.

యజమాని వాటిని వెనక్కి జరిపాడు. పక్కన ఒక పిన్నీసు పెట్టాడు.

"వెళ్లి ఆ మూత మీద రంగు గీకు. బెజ్జం తేలేదాకా."

డ్రైవరు తాళాలూ పిన్నీసూ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ సంగతేంటో చూసి రమ్మని ఆ పెద్దాయన్ని పొద్దున నేనే ఎక్కించానయ్యా. 'నువ్వెవరో చెప్పకు' అని కూడా ఆయనతో అన్నాను. 'కుర్రాడు ఇంజన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు, ఆ రంగు కూడా ముద్దెక్కువై వేసిందే, పని తీసెయ్యకు' అని చెప్పి వెళ్లాడు."

డ్రైవరు లాంచీలోకి పరుగెత్తాడు. పిన్నీసుతో గీకాడు. మూడు పూతల కింద చిన్న బెజ్జం బయటపడింది. ట్యాంకు ఉస్సుమని ఊపిరి పీల్చుకుంది. తాళం తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది.

అక్కడ్నుంచి ముసలాయన కోసం బస్సులు ఆగే చోటికి పరుగెత్తాడు. అక్కడి బల్ల ఖాళీగా ఉంది. బస్సు మలుపు తిరిగిపోయింది.

రొప్పుతూ ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరండీ ఆయన?"

యజమాని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చేతులు వణుకుతున్నాయని పోయిన నెల తనంతట తానే ఆ తాళాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాడయ్యా, నీకు ముందున్నాయన."