కిటికీలో పెదవులు

“శ్రీలతా!” బుర్హానుద్దీన్ సార్ మూడోసారి కేకేశాడు. వరండాలో పక్కన కూర్చున్న తల్లి లసుమవ్వ భుజం తట్టాకగానీ ఆ పిల్ల లేవలేదు. ఉద్యోగం కోసం వచ్చి ఇంత టెక్కా అనుకున్నాడాయన.

జగిత్యాలలో ఆయన కోచింగ్ సెంటర్ పెట్టి ఇరవై ఏళ్లు. పిల్లలు తికమకపడే ఇంగ్లీషు మాటల మీద పుస్తకం వేస్తున్నాడు. ఇంట్లో కూర్చుని రాసిపెట్టే మనిషి కావాలి. కిందటిసారి ఒకడు ఆయన పెట్టిన రాతపరీక్షలో కాపీ కొట్టి గట్టెక్కి, పుస్తకమంతా తప్పులతో నింపి ఆయన పరువు తీశాడు. అందుకే ఈసారి కాగితం లేదు, అంతా నోటితోనే.

సిరిసిల్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు తల్లీబిడ్డలు. శ్రీలతకిది ఏడో ఇంటర్వ్యూ. ఆరుచోట్ల వద్దన్నారు.

ఆ పిల్ల లోపలికొచ్చి ఎదురుగా కూర్చుంది. సార్ మీసాలకంటిన చాయ్ తుడుచుకున్నాడు. “చాయ్ మీరు తాగుతున్నరా, మీసాలు తాగుతున్నయా?” అని భార్య ఫాతిమా పొద్దున్నే దెప్పింది కూడా.

“సీ, లుక్, వాచ్. మూడూ చూసుడే గదా. తేడా ఏంది?”

శ్రీలత చూపు ఆయన భుజం మీదుగా పోయి వచ్చింది.

“కండ్లు తెరిస్తే వద్దన్నా కనబడేది సీ, సార్. కావాలని కండ్లు తిప్పితే లుక్. సాంచె మీద బట్ట నేస్తుంటే ఏ పోగు తెగుతదోనని మా అమ్మ కదలకుండ చూస్తది. గది వాచ్.”

గోడలు అదిరేలా చెప్పింది. మరమగ్గాల హోరులో పెరిగినవాళ్ల గొంతు అంతేలే అనుకున్నాడు సార్.

“హియర్, లిసన్?”

మళ్లీ అదే చూపు.

“చెవుల పడేది హియర్. మనసు పెడితే లిసన్. మా వాడకట్టంత సాంచల చప్పుడే, అందరికీ హియర్. అండ్ల ఒక్క సాంచె చప్పుడు మారినా మా అమ్మ పట్టుకుంటది. గది లిసన్.”

జవాబు బంగారం. కానీ ఆ చూపేమిటి? ఎదురుగా ఉన్న బీరువా అద్దంలోకి చూశాడు. అందులో తన వెనకాల కిటికీ, కిటికీ బయట లసుమవ్వ. చప్పుడు లేకుండా పెదవులు ఆడిస్తోంది!

సార్‌కు ఒళ్లు మండిపోయింది. లేచి కిటికీ రెక్కలు ఠపీమని మూశాడు.

“ఇగ చెప్పు. స్పీక్‌కు, టాక్‌కు తేడా ఏంది?”

శ్రీలత కాస్త ముందుకు వంగింది. ఆయన ముఖంలోకే గుచ్చి చూస్తోంది. మళ్లీ అడిగాడు. ఆ పిల్ల నుదుటి మీద చెమటలు పట్టాయి, చూపు మూసిన కిటికీ మీదికే పోతోంది. అయ్యో, ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ఆయనకు మాత్రం కిందటి దొంగే గుర్తొచ్చాడు.

“దొరికినవ్!” అంటూ జాబితాలో ఆమె పేరు కొట్టేయబోయాడు. అంతలో తలుపు తోసుకుని లసుమవ్వ లోపలికొచ్చింది.

“కొట్టెయ్యకుండ్రి సారూ! మీ కాల్మొక్త!”

“కిటికీలకెళ్లి బిడ్డకు జవాబులు అందిస్తున్నవా? సిగ్గనిపిస్తలేదా?”

“నాకు ఇంగిలీషు యాడొస్తది సారూ? సంతకమే రాదు, వేలిముద్ర ఏస్త.”

“మరి పెదవులెందుకు ఆడించినవ్?”

“సాంచల కాడ చప్పుడుల మాట వినబడది. మేము పెదవులు చూసే మాట్లాడుకుంటం. దానికీ గదే అలవాటు. మీరు అడిగిందే మళ్ల అన్న సారూ, ఒక్క ముక్క ఎక్కువ చెప్పలే.”

“నేనడిగింది మళ్ల నువ్వు అనుడెందుకు? ఎదురుంగనే కూసున్న గదా!”

“మీ మీసాలల్ల పెదవులు కనబడ్తలేవు.”

బుర్హానుద్దీన్ చెయ్యి మీసం మీదికి పోయింది. “కనబడకపోతే ఏమైంది?”

లసుమవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నా బిడ్డకు చెవులు వినరావు సారూ.”