మసక గెలాక్సీ పోటీ

ఇందుమతి మరో కాగితాన్ని బల్ల మీద విసిరింది. మదనపల్లె ఖగోళ సంఘం వాళ్లంతా ఆమె మేడ మీది టెలిస్కోపులో ఒకే గెలాక్సీని చూసి పెన్సిలుతో గీశారు. అందరి బొమ్మల్లోనూ అవే మెలికలు, అవే చుక్కలు, క్యాలెండరు చూసి దించినట్టు.

"కంట్లో ఆ కంప్యూటరు లెన్సులు తీసి చూడమని మొత్తుకున్నాను కదా. కనబడనిదంతా అవే కల్పించి చూపిస్తాయి. వట్టి కంటికి అది పొగలాగే ఉంటుంది."

అందరూ నిద్రలో కూడా లెన్సులు తీయని మనుషులు. ఈసారీ నిజంగా చూసి గీసినవాళ్లు లేకపోతే పోటీ ఎత్తేద్దామని సంఘం ముందే తీర్మానించింది.

ఆఖరిది ఓబులేసు కాగితం. తెల్లటి కాగితం మధ్యలో ఒక చిన్న బూడిదరంగు మసక. ఒకవైపు కాస్త సాగి, అంచు ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. ఇందుమతి తలెత్తి అతని వైపు చూసింది.

"నువ్వొక్కడివే చూశావయ్యా."

ఓబులేసు నసిగాడు. "పెన్సిలు చెక్కి, ఆ వేలు తుడుచుకున్నా మేడం. బొమ్మ వెనకపక్క ఉండాది."

తిప్పి చూసింది. అవే మెలికలు, అవే చుక్కలు.

ఇందుమతి వెళ్లి టెలిస్కోపులో కన్ను పెట్టింది. చాలాసేపు చూసి వచ్చి, మెలికల మీద అడ్డంగా గీత కొట్టింది. కాగితం మళ్లీ తిప్పి, వేలి మరక కింద 'మొదటి బహుమతి' అని రాసి సంతకం పెట్టింది.