తడవని తువ్వాలు

జ్వరం తనను చూసి భయపడి పారిపోయిందని లైఫ్‌గార్డు స్విమ్మింగ్ పూల్ అంతా చాటాడు.

దానికి రెండు తగిలించి, గుమ్మం దాకా సాగనంపానని కూడా చెప్పాడు.

తర్వాత తన ఎత్తు కుర్చీ ఎక్కాడు. పైకి చేరేసరికి కళ్ల ముందు చుక్కలు.

ఆయాసం ఎవరికీ కనబడకూడదని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా అది కుయ్యి కుయ్యిమంది. ఈదేవాళ్లంతా ఆగి తలెత్తారు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు. మోగుతుందో లేదోనని."

నవ్వనిది ఒక్కతే. బెంచీ మీద పొడి తువ్వాలు కప్పుకుని కూర్చున్న ఆవిడ.

ఈత దుస్తుల్లో వస్తుంది, నీళ్లలో దిగదు. అతను కుర్చీ ఎక్కగానే వస్తుంది, దిగగానే వెళ్లిపోతుంది.

మేనేజర్ పెట్టిన నిఘా అయి ఉంటుందని అతనికి దడ. ఒంట్లో సత్తువ లేదని తెలిస్తే ఉద్యోగం ఉండదు.

అంతకంటే పెద్ద దడ నీళ్లంటే. పూల్ అవతలి గట్టు రోజుకో గజం వెనక్కి జరుగుతున్నట్టుంది.

ఒకరోజు ఆవిడ కుర్చీ కిందికొచ్చి ఆరా తీసింది. జ్వరం గట్టిగా పట్టిందా, చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా, జ్వరానికి ముందు సరిగ్గా నిద్రపోయేవాడా అని.

జ్వరం అతన్ని మంచానికేసి కొట్టింది. ఉబ్బసం ఉండేది. అంతకు ముందు నెలంతా రెండు షిఫ్టులు చేశాడు.

అన్నింటికీ తిరగేసి చెప్పాడు.

"లేచీ లేవగానే డ్యూటీకి వచ్చేశావా?"

"మంచమే నన్ను భరించలేక తోసేసిందండీ."

"జ్వరం పోయినా కొందరికి నీరసం పోదు బాబూ. అందరికీ కాదు. జ్వరం బాగా ముదిరినవాళ్లకీ, ముందే ఆయాసం ఉన్నవాళ్లకీ, అప్పటికే అలిసిపోయి ఉన్నవాళ్లకీ ఆ ముప్పు ఎక్కువ. కొన్నాళ్లు సెలవడుగు."

మాట మార్చడానికి అందరూ పడీ పడీ నవ్వే తన ఆట మొదలుపెట్టాడు.

దాని పేరు కునుకమ్మ. అతని కంటే ముందు ఆ కుర్చీలో పనిచేసినామెకు అతను పెట్టిన పేరది. ఆమెను అతనెప్పుడూ చూడలేదు. డ్యూటీలో నిద్రపోయిందని తీసేశారట, అంతే తెలుసు.

తల వాల్చాడు. పూల్ అద్దాలు అదిరేలా గురక పెట్టాడు. పిల్లలు పొట్టలు పట్టుకున్నారు.

"తర్వాత ఆమె ఏమైందట?" అనడిగిందావిడ.

"ఇంకా లేచుండదండీ."

మర్నాడు మధ్యాహ్నం పసుప్పచ్చ టోపీ పెట్టుకున్న ఓ చిన్నపిల్ల లోతు వైపు తాడు వదిలేసింది.

అరవలేదు. చేతులు ఆడించలేదు. చప్పుడు లేకుండా కిందికి జారిపోయింది.

అతను చూశాడు. వెంటనే లేవబోయాడు. మోకాళ్లు లేవలేదు.

విజిల్ ఊదాడు. కుయ్యిమని కూడా అనలేదు.

ఎవరో దూకిన చప్పుడైంది. బెంచీ మీద తువ్వాలు మాత్రమే ఉంది.

నీళ్లు మూసుకున్నాయి. ఎంతకీ తెరుచుకోలేదు.

ముందు పసుప్పచ్చ టోపీ పైకొచ్చింది. పిల్ల దగ్గింది, కక్కింది, పూల్ కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లి పరుగున వచ్చి లాక్కుని గుండెకు హత్తుకుంది.

ఆవిడ గట్టు మీదే కూలబడింది. ఎవరో తువ్వాలు అందిస్తే, పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు.

ఆఫీసు గదిలోంచి ఎప్పుడూ బయటికి రాని మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. డ్యూటీలో ఎవరని అడిగాడు.

లైఫ్‌గార్డు నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగాడు. విజిల్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"నేనే సార్. చూసి కూడా కదల్లేకపోయాను. జ్వరం పోయింది గానీ సత్తువ తిరిగి రాలేదు. బాగయ్యానని అబద్ధం చెప్పాను."

మేనేజర్ వినలేదు. ఆవిడ ముఖం చూసి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నువ్వామ్మా? ఆ జ్వరం తర్వాత నువ్వు ఈత కొట్టకూడదన్నారు కదా. మళ్లీ నెలల తరబడి మంచం పడతావు."

ఆవిడ మూతలు పడుతున్న కళ్లతో లైఫ్‌గార్డు వైపు చూసింది.

"నీ ఆటలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి బాబూ," అంది. "గురక ఒక్కటే, నేనంత గట్టిగా పెట్టేదాన్ని కాదు."