పెద్ద కెమిస్ట్రీ, చిన్న కెమిస్ట్రీ

“పెద్ద కెమిస్ట్రీ తీసుకున్నావంటే నేను జగదల్‌పూర్‌లో దిగను. ఇటునుంచిటే వైజాగ్ ఎల్లిపోతాను,” అంది నూకాలమ్మ.

కిరండూల్ నుంచి వైజాగ్ వెళ్లే పాసింజరు గీదం స్టేషను దాటింది. రైలు దిగి కాలేజీకి చేరేలోగా కరుణశ్రీ తేల్చుకోవాలి. బీఎస్సీ బయాలజీలో చేరేవాళ్లకు అక్కడ ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు రకాలు. చిన్నది ఆరు నెలల్లో అయిపోతుంది, ప్రాక్టికల్స్ ఉండవు. పెద్దది ఏడాది పొడుగునా, ల్యాబుతో సహా.

“చిన్నది చదివితే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి రానివ్వరమ్మా.”

“పెద్దదాంట్లో తప్పితే అసలు డిగ్రీయే రాదు గదే! అప్పుడేటి సేస్తావు?”

ఎదుటి సీట్లో కళ్లజోడు మనిషి పేపరు మడిచాడు. ముప్పై దాటి ఉంటాయి. నుదుటి మీద జుట్టు అప్పుడే పలచబడింది.

“జగదల్‌పూర్ కాలేజీయేనా? అమ్మ మాట వినమ్మా, చిన్నదే తీసుకో,” అన్నాడు.

నూకాలమ్మ ముఖం విప్పారింది. “అలా సెప్పండి బాబూ! నా మాటంటే లెక్కే లేదు దీనికి.”

“పెద్దది చెప్పేది రాజేశ్వరరావు సారు. బోర్డు మీద బొమ్మ వేసి, ఎలక్ట్రాను ఎటు పోతుందీ అంటాడు. నోరు తెరవకపోతే తెరిచేదాకా నిలబెడతాడు. తెరిస్తే, ఎందుకు తెరిచావంటాడు.”

కరుణశ్రీకి నవ్వాగలేదు. “అంత కోపమా అండీ?”

“కోపం కాదు, ప్రేమ. కెమిస్ట్రీ మీద. పిల్లల మీద కాదు.”

కిటికీ అద్దానికి పట్టిన ఎర్రటి ఇనుప గనుల దుమ్ములో వేలితో ఆరు గీతలు కలిపాడు. “ఇదే బెంజీన్. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో! పండగ పూట గారెలు ముందు పెట్టినా ఇదే కనపడుతుంది.”

“ఇయన్నీ మీకెలా తెలుసు బాబూ?” అంది నూకాలమ్మ.

“ఆ గదిలోనే కదమ్మా నా బతుకంతా,” అని ఆయన నిట్టూర్చాడు.

జగదల్‌పూర్‌లో వాళ్ల పెట్టె తనే దించాడు. ఆటోవాడితో అక్కడి హల్బీ భాషలో బేరమాడి ఎక్కించాడు. చెయ్యూపి వెళ్లిపోయాడు.

ఆటో కదలగానే నూకాలమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. “ఒసే, ఆయనేనే ఆ సారు!”

“ఏ సారు?”

“రాజేశ్వరరావు సారు! ఆ గదిలోనే నా బతుకంతా అన్నాడు గదా. బెదిరిస్తే బెదురుతావో లేదో సూసినాడే.”

కరుణశ్రీకీ అలాగే అనిపించింది. నిజమే. లేకపోతే బెంజీన్ గురించి రైల్లో అంత మురిపెంగా ఎవరు మాట్లాడతారు? తన గురించి తనే అన్ని జోకులేసుకునే మనిషి క్లాసులో ఎంత బాగా చెబుతాడో!

“మరి ఏది తీసుకోమంటావు?”

“అడగాలా? మన పెట్టె మోసినోడు నిన్ను తప్పిస్తాడేటి? పెద్దదే తీసుకో.”

కౌంటర్లో గుమాస్తా ఏది కావాలంటూ “కౌన్‌సా?” అనగానే కరుణశ్రీ గొంతు పెంచి “బడావాలా!” అంది. వెనక నుంచి నూకాలమ్మ “బడావాలా, బడావాలా” అని వంత పాడింది.

మొదటి క్లాసుకు కరుణశ్రీ అందరికన్నా ముందొచ్చి ముందు బెంచీలో కూర్చుంది. గది నిండింది. గంట కొట్టారు. గుమ్మంలో ఆ కళ్లజోడే కనిపించింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో లావుపాటి పుస్తకం.

కరుణశ్రీ లేచి నిలబడి, “గుడ్‌మార్నింగ్ సార్!” అంది. ఆమెను చూసి క్లాసంతా లేచింది.

ఆయన కంగారుగా వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వరండాలో ఎవరివో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. గబగబా వచ్చి ఆమె బెంచీలోనే చతికిలబడ్డాడు.

“కాస్త జరుగు తల్లీ, సారొచ్చేస్తున్నాడు. ఈసారి కూడా తప్పితే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు!”