స్తూపం పక్కన గులాబీలు

1998 మార్చి 11, బుధవారం. జొన్న రొట్టె, పుంటికూర పప్పు. తెల్లవారకముందే అడవిలోంచి వచ్చిన ఆ ఇద్దరూ రాజమణి వంటింట్లో కలిసి తిన్నది అదే ఆఖరుసారి. ఒకడు ఆమె కొడుకు భూమేశ్. రెండోవాడు పక్క తండా జైసింగ్. మూడో రోజు పోచారం అడవి అంచున ఎదురుకాల్పులు జరిగాయి.

పద్నాలుగేళ్లయింది. ఆ తేదీ గుర్తురాని రోజు లేదు. ఇవాళ మైకు గుర్తుచేసింది.

“చూడుండ్రి! కుడిచేతి దిక్కు అమరవీరుని స్తూపం. ఎడమచేతి దిక్కు గులాబీ తోట. అర్ధగంట టైం. ఆ తర్వాత పోచారం చెరువు!”

ఎల్లారెడ్డి మీదుగా ఆదివారం ఆదివారం వచ్చే కామారెడ్డి వ్యాను అది. ఒకే టికెట్టుకు మూడు చోట్లు. మైకు పట్టుకున్నవాడు గైడు మార్కండేయ.

స్తూపం ఎర్రరంగు పెచ్చులూడిపోయింది. పైన కొడవలి విరిగిపడి సుత్తి ఒక్కటే మిగిలింది. కట్టిన పార్టీవాళ్లు రెండేళ్లు వచ్చి జెండా ఎగరేశారు. తర్వాత ఆ దిక్కు చూసినవాళ్లు లేరు. కింద నల్లరాయి మీద మాత్రం భూమేశ్ పేరు ఇంకా చదవొస్తుంది.

నల్లకళ్లద్దాల మనిషొకడు ఆ రాయి మీద కాలు మోపి ఫొటో దిగుతున్నాడు.

“కాలు తియ్యి!” గులాబీ సాళ్ల మధ్యనుంచి చేతిలో కత్తెరతోనే ఉరికొచ్చింది రాజమణి. “నీ ఇంటి అరుగనుకున్నవా?”

“గరం కాకు అవ్వా.” మార్కండేయ నవ్వాడు. “నీ కొడుకు పేరు నలుగురికి తెలుస్తది గదా.”

“తెలిసి ఏం జేస్తరు? చిప్సులు నములుకుంట నిలబడ్తరా?”

అతను మైకు ఎత్తాడు. “పీనుగ మొహం గుర్తుపట్టరాకుంటయితే, ఒంటి మీది అంగీ చూసి ‘నా కొడుకే’ అన్నది ఈ అవ్వనే. బీబీపేట కాడి పొలం అమ్ముకొని, కొడుకు పక్కన ఉంటనని ఈడ రెండెకరాలు కొన్నది. గీ గులాబీలన్ని గామె పెట్టినయే. గిసొంటి తల్లి ఏడ దొరుకుతది?”

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు! రాజమణికి ఒళ్లు మండిపోయింది.

అప్పుడు వ్యాను ముందు తలుపు తెరుచుకుంది. డ్రైవర్ యాకూబు ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని మెల్లగా దించాడు. టికెట్టు లేని మనిషి. తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

“రాజవ్వా, గుర్తువట్టినవా? హీరిని. జైసింగు తల్లిని.”

రాజమణి చేతిలో కత్తెర కిందపడింది.

హీరికి చదువు రాదు. రాతిని నాలుగు వైపులా తడిమింది.

“నా పిల్లగాని పేరేది?”

“లేదు.”

“ఎందుకు లేదు? ఇద్దరు కలిసే పోయిండ్రు గదా! నీకు ఒక రాయన్నా దొరికింది. నాకు పీనుగ దొరకలే, కబురు దొరకలే. రోజు ఒక రొట్టె ఎక్కువ చేస్తున్న. పొద్దుగాల కుక్కకు ఏస్తున్న. ఏడ్వాల్నా, ఎదురుచూడాల్నా? ఒక్క మాట చెప్పు రాజవ్వా. నీకు తెల్వకుంట ఉంటదా?”

“నాకేమెరుక!” రాజమణి గట్టిగా అరిచింది. “నన్నెందుకు సతాయిస్తవ్? పో, వ్యాను పోతది!”

యాకూబు మొహం తిప్పుకున్నాడు. ఇంత రాతిగుండె ఏంటన్నట్టు జనం చూశారు.

సాళ్ల చివర మందు కొడుతున్న జీతగాడు స్వామిదాసు పంపు దించాడు. మహారాష్ట్ర దెగ్లూరు దిక్కు మనిషంటారు. మాట తక్కువ. మందు ఘాటుకు మొహం చుట్టూ తువ్వాల కట్టుకున్నాడు. అతను వంగి పూలు కోయడం మొదలుపెట్టాడు. ఒక్కో కాడకున్న ముళ్లన్నీ వేళ్లతో గిల్లేశాడు. గుప్పెడు గులాబీలు తెచ్చి, తలెత్తకుండా హీరి చేతుల్లో పెట్టాడు.

“ఎవడు కొయ్యమన్నడురా నిన్ను? పో పనికాడికి!” రాజమణి గొంతు చీలిపోయింది.

“తిట్టకు రాజవ్వా. మంచోడు.” అతని వేలికి నెత్తురు చూసి హీరి కొంగుతో తుడిచింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కదలనూ లేదు. రాజమణి రెక్క పట్టుకుని గుంజితే గానీ సాళ్లలోకి పోలేదు.

“నువ్వు గూడ మంచిదానివే,” అంది హీరి. “ఇయ్యాల కోపంల ఉన్నవ్. ఆ పొద్దు నా పిల్లగాని అంగీ చినిగిందని నీ కొడుకు ఎర్రగీతల అంగీ తొడిగించినవ్. తండాకొచ్చి నాకు చూపెట్టి మురిసిండు. నేను మర్వలే.”

రాజమణి వంగి కిందపడ్డ కత్తెర తీసుకుంది.

హీరి గులాబీలన్నీ ఒక్కటొక్కటిగా నల్లరాయి ముందు పేర్చింది.

“ఇవి నీ కొడుక్కు. నావోడు ఏడనో బతికే ఉంటడు. బతికినోనికి పువ్వులెందుకు?” రాతిని చేత్తో నిమిరి, ఆ వేళ్లు ముద్దుపెట్టుకుంది. యాకూబు హారన్ కొట్టకుండా, దగ్గరికొచ్చి చెయ్యి అందించాడు.

పొద్దుగూకింది. రాజమణి రొట్టెలు కాల్చింది. స్వామిదాసు ముద్ద ముట్టలేదు. తువ్వాల విప్పి భుజాన వేసుకుని, గడప బయట నిలబడి స్తూపం దిక్కే చూస్తున్నాడు.

“లోపటికి రా భూమేశ్, ఎవలన్న చూస్తరు” అని గుసగుసగా పిలిచి, రాజమణి తలుపు చప్పుడు కాకుండా మూసింది.